మరమ్మ చదువు

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. పిండి మర నడిపేది కాబట్టి మరమ్మ అన్నారు, అదే నిలిచిపోయింది. ఇంటి ముందు గదిలో మర, వెనక రెండు గదుల్లో కాపురం. మర తిరుగుతున్నంతసేపూ గోడలు సన్నగా వణికేవి, వంటింటి అలమారలో గిన్నెలు ఒకదాన్నొకటి రాసుకుని గలగలమనేవి. ఆ రొదలో మాట వినబడాలంటే అరవాలి. ముప్పై ఏళ్ళు అరిచి అరిచి, మర ఆగినా తగ్గడం చేతకాని గొంతయింది ఆమెది. ఆమె గుసగుసలాడితే నాలుగిళ్ళకు వినిపించేది.

మనిషి పొట్టి, గట్టి. తలకు గుడ్డ బిగించి, కనుబొమల మీద పిండి పేరుకుని, గోధుమలు తెచ్చినవాళ్ళ డబ్బా మూత తీసి ఒక గుప్పెడు అరచేతిలో పోసుకుని చూసేది. "రాళ్ళు ఏరకుండా తెచ్చావు. నా మర రాయి పాడైతే మీ ఆయనొచ్చి గాట్లు కొడతాడా?" అనేది. ఎదురు మాట్లాడే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. డబ్బా వెనక్కి పట్టుకుపోయి ఏరుకొచ్చేవాళ్ళు.

ఆమెవి ఏడు కాన్పులు. చేతికందింది ఇద్దరు. పెద్దది కూతురు, ఆఖరివాడు కొడుకు. మధ్యలో ఐదుగురు పోయారు. ఆ ఐదుగురి గురించి ఆమె ఏడవగా చూసినవాళ్ళు లేరు. "ఒకతె కడుపులోనే, ఇద్దరు విరేచనాలతో, ఒకతె జ్వరంతో, ఒకడు పేరు పెట్టేలోపే" అని వేళ్ళు ముడుస్తూ చెప్పేది. పాత సిపాయి తన గాయాలు చూపించినట్టు ఉండేది ఆ చెప్పడం. తొమ్మిదో నెలలో కూడా బస్తా ఎత్తి మర దొప్పలో గింజ పోశానని, నొప్పులు వచ్చాక మర ఆపి లోపలికి వెళ్ళానని, మూడో రోజుకు మళ్ళీ ఆడించానని చెప్పేది. అది విని ఎవరైనా "అయ్యో" అంటే ఆమెకు ఒళ్ళు మండేది. అయ్యో అనిపించుకోవడానికి చెప్పలేదు మరి.

అలాంటి మనిషికి దొరికిన కోడలు పన్నెండు తరగతులు చదివింది. కళ్ళజోళ్ళ దుకాణంలో పని. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీద అక్షరాల అట్ట చూపించి, ఒక కన్ను మూసి చదవమనేది. పెద్ద గొంతు కాదు. ఎంత కోపం వచ్చినా ఒక్కో మాటా విడమరిచి, నిదానంగా, ఆ అట్ట కనబడనివాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడేది. ఎదురు అరిచే కోడలైతే మరమ్మకు సుఖంగా ఉండేది. అరుపుకు అరుపుతో జవాబు చెప్పడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. ఈ నిదానానికి మాత్రం ఆమె దగ్గర మందు లేదు.

"ఏమే, పిల్లకు ఐదేళ్ళు నిండాయి. దీని వెనక ఇంకోటి ఏదీ?"

"ఒకటి చాలనుకున్నాం అత్తయ్యా."

"అనుకోవడానికి నువ్వెవరే? పుట్టేదాన్ని పుట్టనివ్వాలి. నేను అనుకుని కన్నానా ఏడుగుర్ని?"

"అందుకే చాలనుకున్నాం."

ఆ జవాబు మరమ్మకు వారం రోజులు గొంతులో ఎముకలా అడ్డం పడింది.

కొడుకు సిటీ బస్సు డ్రైవరు. తల్లికీ పెళ్ళానికీ మధ్య మాటామాటా పెరిగేటప్పుడు అతనికి ఎప్పుడూ డ్యూటీ టైమయ్యేది. ఇక ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ నెలకు రెండుసార్లు ఆ వీధికి వచ్చేది. పిల్లల టీకాలు, గర్భిణుల బరువు, కాన్పుల మధ్య ఎడం గురించి నాలుగు మాటలు. ఆమె సంచి మలుపులో కనబడగానే మరమ్మ మర స్విచ్చి వేసేది. గింజ లేకుండా రాళ్ళు తిప్పితే అవి అరిగిపోతాయని తెలిసీ వేసేది. నర్సమ్మ గుమ్మంలో నిలబడి పెదవులు ఆడించేది, ఒక్క ముక్క వినబడేది కాదు. మరమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఆఁ? ఏంటీ?" అనేది. నర్సమ్మ విసిగి పక్కింటికి పోయాక స్విచ్చి తీసేసేది.

ఒకరోజు మధ్యాహ్నం కోడలు దుకాణానికి వెళ్ళాక, మనవరాలి జ్వరం మందు వెతుకుతూ మరమ్మ కోడలి రేకు పెట్టె తీసింది. పాత కళ్ళజోడు డబ్బాల కింద, రుమాల్లో చుట్టి, మూడు మాత్రల అట్టలు కనిపించాయి. ఒక్కో అట్టకు బుల్లి బుల్లి మాత్రలు వరసగా నాలుగు వరసలు. మూడు వరసలు తెల్లవి, ఒక వరస మట్టి రంగువి. వెనక వెండి రేకు మీద అక్షరాలు.

మరమ్మకు చదువు రాదు. కానీ ముక్కు ఉంది. ఇది తలనొప్పి మాత్ర కాదని ఆమె ముక్కు చెప్పింది. తలనొప్పి మాత్రను రుమాల్లో చుట్టి కళ్ళజోడు డబ్బాల కింద ఎవరు దాస్తారు?

ఎవరికైనా చూపించి చదివించుకుందామా అంటే, అది ఆమె అనుకున్నదే అయితే తెల్లారేసరికి వీధి వీధంతా పాకుతుంది. మరమ్మ కోడలు మందు తిని కడుపు రాకుండా చేసుకుంటోందట అని. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆమెకు తెలియనిది కాదు. కొడుకును అడిగితే వాడు పెళ్ళాన్ని అడుగుతాడు, అట్టలు మాయమవుతాయి. ఉన్నవి ఉన్నట్టు పెట్టెలో పెట్టేసి, ఆమె మర ముందు కూర్చుని సాయంత్రం దాకా ఆలోచించింది. ఎవరినీ నమ్మక్కర్లేకుండా ఉండాలంటే ఒకటే దారి. తనే చదవాలి.

గ్రంథాలయం వెనక గదిలో ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట రెండు గంటలు చదువు చెప్పేవాళ్ళు. చెప్పేది కోర్టులో టైపిస్టుగా పనిచేసి రిటైరైన ఆవిడ. అందరూ టైపిస్టమ్మ అనేవాళ్ళు. మరమ్మ తలగుడ్డ కూడా విప్పకుండా వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుంది. అక్కడున్న పదకొండు మందీ ఆమె చేత రాళ్ళ విషయంలో తిట్లు తిన్నవాళ్ళే. పక్కనున్నావిడ సంచి తీసుకుని ముందు బల్లకు మారిపోయింది.

"ఈ వయసులో ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు?" అడిగింది టైపిస్టమ్మ.

"నువ్వు చెప్పడానికి కారణం కావాలా? నేను నిన్నడిగానా, రిటైరయ్యాక ఇంట్లో పడుకోకుండా ఇదెందుకని?"

టైపిస్టమ్మ కూడా తక్కువది కాదు. "వెనక కూర్చుంటే వినబడదు, ముందుకు రండి. మీ గొంతు మాత్రం బయట ఆపుకుని రండి" అంది. పలక మీద ఒక మాట రాసింది. "ఇది అమ్మ."

"ఆ మాట వద్దు. జీవితమంతా పిలిపించుకున్నాను, చాలు. మాత్ర అని ఎలా రాస్తారో చెప్పు."

"మాత్రలో ర ఒత్తు ఉంది. అలాంటి ఒత్తులు ఐదో నెలలో."

"ఐదో నెల దాకా మొయ్యడం నాకు కొత్తేం కాదులే" అంది మరమ్మ. గది మొత్తం నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు.

వానైనా ఎండైనా వెళ్ళింది. ప్రతి అక్షరాన్నీ పగవాడి ఇంటి గోడలోంచి ఊడబెరికిన ఇటుకలా తెచ్చుకుంది. కోడలు లేనప్పుడు పెట్టె తీసి, వెండి రేకు మీది ఆకారం ఒకటి కంటితో పట్టుకుని, ముందు గదిలోకొచ్చి మర దొప్ప అంచు మీద పేరుకున్న పిండిలో వేలితో గీసేది. ఎవరైనా వస్తే చేత్తో తుడిచేసేది. గ, ర, భ ముందు తెలిశాయి. రకు భ తగిలించడం తెలియక నెలన్నర తన్నుకుంది. పెట్టె తీసినప్పుడల్లా అట్టలు ఒక్కోసారి రెండే ఉండేవి, ఒక్కోసారి మళ్ళీ మూడయ్యేవి. అయిపోతున్నాయి, తెస్తోంది అని పళ్ళు కొరుక్కునేది.

కోడలికి అనుమానం రాకపోలేదు. "చదువుకుంటున్నారట, మంచిదే అత్తయ్యా. కళ్ళు లాగుతుంటే చెప్పండి, దుకాణానికి తీసుకెళ్తాను" అంది.

"నా కళ్ళు బాగానే ఉన్నాయి. చూడాల్సినవి చూస్తూనే ఉన్నాయి."

అయినా కళ్ళు లాగేవి. ఎదురు వీధి దుకాణంలో, కోడలి దుకాణంలో కాదు, పట్టుబట్టి జోడు కొనుక్కుంది.

ఏడో నెలలో ఒకరోజు పెట్టె ముందు కూర్చుని జోడు సర్దుకుని, వేలు కింద పెట్టి చదివింది. గర్భ. నిరోధక. మాత్రలు. రోజుకు ఒకటి. ఒకసారి చదివి, తప్పేమో అని మళ్ళీ చదివింది. ఒంట్లో వేడి పుట్టింది. అంతకు ముందు ఎన్ని కొట్లాటలు గెలిచినా ఇంత ఆనందం లేదు.

ఆదివారం దాకా ఆగింది. ఆదివారం కొడుక్కి సెలవు, కోడలికి సెలవు. ఇంకో సంగతి కూడా ఆమె లెక్కలో ఉంది. ఆమె వియ్యపురాలు, అంటే కూతురి అత్తగారు, ఆ పూట గోధుమలు ఆడించుకోవడానికి వస్తానని కబురు చేసింది. రెండు వీధుల అవతల ఇల్లు. ఆవిడ ఎప్పుడూ మరమ్మ ముఖం మీద ఒక మాట విసిరేది, "మా కోడలు నలుగుర్ని కన్నది. మీ కోడలికి ఒక్క కాయతోనే చెట్టు ఎండిపోయింది" అని. ఆ మాటకు ఇన్నాళ్ళూ మరమ్మ దగ్గర జవాబు లేదు. చెట్టు ఎండలేదు, నరికేస్తున్నారు అని చూపించాలి. లోపం తన వంశంలో లేదు, తెచ్చుకున్న పిల్లలో ఉందని రుజువు చెయ్యాలి. వీధి గీధి అన్న జాగ్రత్తంతా అప్పుడు ఎటు పోయిందో ఆమెకే తెలియదు. ఏడు నెలల చదువు నాలుక చివర నిలబడి తోస్తోంది మరి.

కూతురు అత్తగారి వెనకే పిండి డబ్బా మోసుకుంటూ వచ్చింది. వెలిసిపోయిన బట్టలా ఉంది మనిషి. నాలుగో కాన్పు తరవాత ఒంట్లో రక్తం లేదని డాక్టరు చెప్పినప్పుడు, "ఏడు కన్న నేనే నిలబడ్డాను, నాలుక్కే నీకు నీరసమా" అని కసిరింది మరమ్మే. ఆ పిల్ల గోడకు ఆనుకుని కూర్చుంది.

మరమ్మ మర ఆపింది. లోపలికి వెళ్ళి మూడు అట్టలూ తెచ్చింది. జోడు పెట్టుకుంది.

"అందరూ వినండి. నాకు చదువు రాదనుకున్నారు కదా. గర్భ నిరోధక మాత్రలు. రోజుకు ఒకటి. నా కోడలి పెట్టెలో దొరికాయి. ఇదీ మన ఇంట్లో జరుగుతున్న భాగోతం."

కొడుకు భార్య వైపు చూశాడు, స్టాపు కాని చోట బస్సు ఆగిపోయినవాడిలా. కోడలు అట్టల వైపు చూసింది. తరవాత గోడకానుకుని కూర్చున్న ఆడపడుచు వైపు చూసింది. కూతురి చేతిలో డబ్బా మూత చిన్నగా చప్పుడు చేస్తోంది. మరమ్మ ఇవన్నీ చూసింది కానీ, గెలుపు కళ్ళకు పొర కప్పేసింది.

"నీవేనా ఇవి? చెప్పు" అంది.

"అవును" అంది కోడలు, ఎప్పటి నిదానంతోనే. "నావే."

"విన్నారా వదినగారూ? మా చెట్టు ఎండలేదు."

వియ్యపురాలు బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఇంత విషం కడుపులో పెట్టుకుని ఎలా తిరుగుతోందమ్మా. ఈ గాలి మా ఇంటికి సోకకూడదు. నువ్వు పదవే" అని మరమ్మ కూతుర్ని రెక్క పట్టి లేపింది. "ఇక ఈ గుమ్మం తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతాను." గోధుమలు ఆడించుకోకుండానే వెళ్ళిపోయారు.

మరమ్మ మూడు అట్టలూ పొయ్యిలో పడేసింది. వెండి రేకు ముడుచుకుంటూ నల్లబడింది. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

"మీరేం చేశారో మీకు తెలీదు" అంది.

"తెలిసే చేశాను."

"తెలీదు" అని ఇంకోసారి అని, ఆమె లోపలికి పోయింది.

సోమవారానికి వీధికి తెలిసింది. బుధవారానికి దుకాణంలో తెలిసింది. కళ్ళు చూపించుకోవడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఇంకో అమ్మాయి చేత చూపించుకుంటామన్నారు. కోడలు అత్తగారితో మాట మానేసింది. వంట చేసి మూత పెట్టి వెళ్ళిపోయేది. మరమ్మ ఆ మూత తీసి తినేది. తిండి మీద ఆమెకు పగ లేదు. ఇంట్లో నాలుగు గొంతులుండీ ఒకటే వినబడేది. గెలిచిన ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఉంటుందని ఆమె అనుకోలేదు. కూతురు రాలేదు. వారం వారం పిండికి వచ్చే మనిషి, ఏడు వారాలు రాలేదు. వియ్యపురాలు వేరే మరలో ఆడిస్తోందని తెలిసి మరమ్మ ఆ మర రాయిని, ఆ పిండిని, అది తినేవాళ్ళని కలిపి తిట్టింది.

ఎనిమిదో వారం ఒక పొద్దున, మర ముందు నలుగురు నిలబడి ఉండగా, కూతురు వచ్చింది. చేతిలో డబ్బా లేదు. గుమ్మం దాటి రెండడుగులు వేసి గోధుమ బస్తా మీద కూలబడింది. పెదవులకు, ముఖానికి రంగులో తేడా లేదు. అప్పుడే దుకాణానికి బయలుదేరుతున్న కోడలు చెప్పులు విడిచి పరిగెత్తుకొచ్చి, ఆమె కింది కనురెప్ప లాగి చూసింది.

"ఎన్నాళ్ళయింది వదినా?"

"రెండో నెల" అంది కూతురు. "అవి అయిపోయాక వద్దామంటే మా అత్త రానివ్వలేదు. నువ్వొస్తే నిన్ను గుమ్మం నుంచే తరిమింది."

మరమ్మ మర ఆపింది. "ఏవి అయిపోయాక?" అంది.

కోడలు వంటింట్లో పొయ్యి వైపు చూసింది. చెప్పక్కర్లేకపోయింది. గోధుమలు తెచ్చిన నలుగుర్నీ ఆమె చేతులతో బయటికి తోసి తలుపు వేసింది.

"నావి కావు అత్తయ్యా అవి" అంది కోడలు. ఆరోజు మొదటిసారి ఆమె గొంతు నిదానంగా లేదు. "వదినవి. ఇంకో కాన్పు వస్తే ప్రాణానికి ముప్పని డాక్టరు చెప్పింది. ఆ ఇంట్లో దాచుకునే చోటు లేదు. నేను కేంద్రం నుంచి తెచ్చి ఉంచేదాన్ని, నెలకొకటి పిండి డబ్బాలో అడుగున పెట్టి పంపేదాన్ని. మీరు ఆడించిన పిండిలోనే. నాది వేరే. నేను లూపు లోపల పెట్టించుకున్నాను, మీ అబ్బాయికి తెలుసు. అది ఏ పెట్టె వెతికినా దొరకదు మీకు."

"నాకెందుకు చెప్పలేదు?" అంది మరమ్మ కూతురితో.

"నీకు చెబితే ఊరికి చెప్పినట్టే కదమ్మా" అంది కూతురు. ఆ తరవాత బస్తా మీద తల వాల్చి, కళ్ళు మూసుకునే అంది. "నువ్వు చదవడం నేర్చుకోకపోయినా బాగుండేది."

మరమ్మ తలుపు తీసి ఆటో పిలవడానికి వీధిలోకి పోయింది.

ఆస్పత్రిలో ఆకుపచ్చ రంగు వేసిన పొడుగాటి వసారా, గోడ పొడుగునా ఇనుప బెంచీలు. డాక్టరమ్మ చూసి, ఈ రక్తంతో బిడ్డను మోస్తే తల్లి దక్కదు అంది. గర్భం తీసేసి, మళ్ళీ రాకుండా ఆపరేషన్ చేయించుకుంటే మంచిదంది. భర్త లారీ మీద ఎక్కడో నాలుగు రోజుల దూరంలో ఉన్నాడు. "ఆయన సంతకం అక్కర్లేదు. మీరు ఒప్పుకుంటే చాలు. కాయితం చదివి, అర్థమయ్యాకే వెయ్యండి" అని నర్సు రెండు పుటల కాయితం ఇచ్చి వెళ్ళింది. కోడలు రక్తం ఎక్కించే ఏర్పాట్లకు కింద గదిలో నిలబడి ఉంది.

కూతురు కాయితం వైపు చూసింది. ఆమె నాలుగో తరగతిలో బడి మానేసింది. మానిపించింది మరమ్మే. ఆ ఏడాది ఐదో కాన్పు. మర దొప్ప దగ్గర కాపలాకు, పసివాణ్ణి ఎత్తుకోవడానికి ఒక మనిషి కావాలి. పసివాడు మూడు నెలల్లో పోయాడు. పిల్ల మాత్రం బడికి మళ్ళీ వెళ్ళలేదు. నేర్చుకున్న అక్షరాలు మర రొదలోనే కలిసిపోయాయి.

ఆమె కాయితం తల్లి వైపు తోసింది. ముఖం మాత్రం తిప్పలేదు. "చదువు" అంది.

మరమ్మ జోడు పెట్టుకుంది. గొంతు తగ్గించడం ఆమెకు చేతకాదు, అయినా తగ్గించింది. అచ్చు సన్నగా ఉంది. ఒత్తుల మీద ఒత్తులు. శస్త్రచికిత్స దగ్గర ఆగిపోయింది. శ దగ్గర మొదలెట్టి, స్త దగ్గర తడబడి, ర ఎక్కడుందో వెతికి, మళ్ళీ మొదటికొచ్చి, చెమట తుడుచుకుని నాలుగోసారికి పలికింది. ఎదురు బెంచీ మీదివాళ్ళు చూస్తున్నారు. చూస్తే చూడనీ అనుకుంది. మత్తు ఇస్తారని చదివింది. రక్తం పోవచ్చని చదివింది. ఇక పిల్లలు పుట్టరని, ఎవరి బలవంతమూ లేకుండా ఒప్పుకుంటున్నానని చదివింది. ఒక్క మాట వదల్లేదు, ఒక్క మాట తనది కలపలేదు. అరగంట పట్టింది.

"అయిపోయిందా?" అంది కూతురు.

"అయిపోయింది."

"ఎవరి బలవంతమూ లేకుండా అన్నది ఇంకోసారి చదువు."

చదివింది. కూతురు వంకర టింకరగా మూడక్షరాల సంతకం పెట్టింది. అది ఒక్కటీ మర్చిపోలేదు.

వియ్యపురాలు మర్నాడు ఆస్పత్రికి వచ్చి వసారా అదిరిపోయేలా అరిచింది. కొడుకుని అడక్కుండా వంశాన్ని కోయించారంది. ఆ గొంతుకు సరిజోడు గొంతు ఆ వసారాలో ఒక్కటే ఉంది. "నలుగురున్నారు వంశానికి. వాళ్ళకు తల్లి కావాలా, ఐదోవాడు కావాలా? నీ కొడుకు వచ్చాక నా దగ్గరికి పంపు, వాడికీ చదివి వినిపిస్తాను" అంది మరమ్మ. నర్సులు వచ్చి ఇద్దర్నీ మెట్ల దాకా తోశారు. మెట్ల మీద కూడా ఆగలేదు.

కూతురు బతికింది. పుట్టింట్లో ఆరు వారాలుంది. ఆ ఆరు వారాలూ మందులు మరదల్ని పేరు పెట్టి అడిగింది, నీళ్ళు మేనకోడల్ని అడిగింది, తల్లిని ఏమీ అడగలేదు. కోడలు కూడా మెత్తబడలేదు. ఒకసారి మరమ్మ గుమ్మం దగ్గర నిలబడి, "నీ మీద పడ్డ మాటకు వీధిలో నేనే చెబుతాను, అవి నీవి కావని" అంది.

"వద్దు" అంది కోడలు. "చెబితే ఎవరివని అడుగుతారు. ఆ మాట నా మీదే ఉండనివ్వండి. మీకోసం కాదు." అని దుకాణానికి వెళ్ళిపోయింది.

ఈసారి నర్సమ్మ వచ్చినప్పుడు మరమ్మ మర తిప్పలేదు. ఆమె చెప్పేది మొత్తం వింది, విని, "ఇంత మంచి మాట ఇంత పీల గొంతుతో చెబితే ఎవరు వింటారు?" అని కసిరింది. పక్కింటి తలుపు తనే బాదింది.

కూతురు అత్తగారింటికి వెళ్ళిపోయాక ఒక సంగతి తెలిసింది. తల్లికి చేతకావడం లేదని పదకొండేళ్ళ పెద్దపిల్లను బడి మానిపించి, చంటివాణ్ణి చంకకెత్తారట. మరమ్మ మరకు తాళం వేసింది. రెండు వీధులు దాటి వెళ్ళి వియ్యపురాలి గుమ్మంలో నిలబడింది.

"పిల్లను బడికి పంపండి."

"ఎవరు చూస్తారు పిల్లల్ని? నువ్వొచ్చి చూస్తావా?"

"చంటివాణ్ణి పొద్దున తెచ్చి మర దగ్గర వదలండి. చూస్తాను."

వియ్యపురాలు నవ్వింది. "చదువట చదువు. నీ చదువు ఏం వెలగబెట్టింది? నువ్వు చదివిన చదువే కదా నా కోడలి మీదికి తెచ్చింది? అదే అంతా చెప్పింది నాకు. నీ నోరు, నీ జోడు, నీ చదువు, మూడూ కలిసి దాని ప్రాణం మీదికి తెచ్చాయి."

కూతురు లోపలి గది గుమ్మంలో నిలబడి వింటోంది. మరమ్మకు కోపం రావాలి. రాలేదు, ఎందుకంటే అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

"అవును" అంది. "అందుకే దీనికి చిన్నప్పుడే నేర్పించాలి. నా వయసులో నేర్చుకుంటే నాలాగే తయారవుతుంది."

పిల్ల చంకలోంచి చంటివాణ్ణి తీసుకుని తన భుజాన వేసుకుంది. "నీ సంచి తెచ్చుకో" అంది పిల్లతో. పిల్ల తల్లి వైపు చూసింది. కూతురు పక్కకు తప్పుకుని, మేకుకు తగిలించి ఉన్న సంచి తీసి పిల్ల చేతికిచ్చింది.

వియ్యపురాలు వీధి చివరి దాకా తిడుతూ వచ్చింది. మరమ్మ ఒక చేత్తో పిల్లను, ఒక భుజాన చంటివాణ్ణి పెట్టుకుని, వెనక్కి తిరిగి తిరిగి జవాబు చెబుతూ నడిచింది. బడి గేటు దాకా ఆ వీధులకు వేరే సంగీతం లేదు.

పిల్ల బడికి వెళ్తోంది. చంటివాడు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వెనక గదిలో మర రొదకు నిద్రపోతున్నాడు. టైపిస్టమ్మ దగ్గరికి మరమ్మ ఇప్పటికీ వెళ్తుంది, ఇప్పటికీ పోట్లాడుతుంది. కోడలు అవసరానికి నాలుగు మాటలు మాట్లాడుతోంది. ఆ నాలుగూ సూదుల్లా ఉంటాయి. మరమ్మ వాటిని ఏరి పక్కన పెట్టదు.

కూతురు మళ్ళీ పిండికి రావడం మొదలెట్టింది. కానీ లోపలికి రాదు. మిగతావాళ్ళతో పాటు బయట వరసలో నిలబడుతుంది. తన వంతు వచ్చాక డబ్బా ముందు పెడుతుంది. మరమ్మ మూత తీసి గుప్పెడు గోధుమలు అరచేతిలో పోసుకుని చూస్తుంది. ఒక్క రాయి ఉండదు.

"మెత్తగానా, బరకగానా?" అంటుంది.

"బరకగా" అంటుంది కూతురు.

ఏడాదయింది. ఇద్దరి మధ్యా అంతకు మించి ఒక్క మాట పెరగలేదు.